చిటికెలో అయిన పని

"అయిదు నిమిషాల్లో చేసేశావా? అయితే అదేం గొప్ప!" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అలాంటి వాళ్ళకి 'పారనాయిడ్' అనే హెవీ మెటల్ పాట పుట్టిన కథ చెప్పాలి.

1970లో లండన్‌లో 'బ్లాక్ సబ్బత్' బృందం రికార్డు పూర్తిచేస్తోంది. నిడివి చాల్లేదు, ఇంకో చిన్న పాట కావాలన్నారు. మిగతావాళ్ళు భోంచేసి వచ్చేలోగా గిటార్ వాయించే టోనీ అయోమీ వరస కట్టేశాడు. గీజర్ బట్లర్ గబగబా మాటలు రాసిచ్చాడు. ఓజీ ఆస్‌బోర్న్ పాడేశాడు. మూడు నిమిషాలైనా లేని ఆ పాటే బ్రిటన్‌లో 4వ స్థానానికి ఎక్కింది. రికార్డుకీ దాని పేరే పెట్టారు.

చిటికెలో అయిందంటారా? ఆ చిటిక వెనకున్న చెయ్యి చూడండి! పదిహేడేళ్ళ వయసులో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీ యంత్రంలో పడి అయోమీ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి, తీగలు నొక్కాల్సిన వేళ్ళే అవి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, మళ్ళీ మొదట్నించీ సాధన చేశాడు. ఆ ఏళ్ళు లెక్కలోకి రావా?

చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తే పది నిమిషాల్లో చారు పెట్టి పరువు నిలబెట్టే ఇల్లాలికీ ఇదే అన్యాయం. "ఎంతసేపు పట్టింది గనక!" అనకండి. ఎన్నేళ్ళు పట్టిందో అడగండి.