సైకిల్ పందేనికి సత్తువ ఎక్కడిది?

పరకాల నుండి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందున్నది. పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరం ఇదీ:

"డాక్టరు గారూ, మా అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ చదువుతున్నాడు. ఫ్రాన్సు దేశంలో జరిగే సైకిల్ పందెం చూసి చూసి వాడికి అదే లోకమైపోయింది. అప్పు చేసి గేర్ల సైకిల్ కొనిచ్చాను. పొద్దున్నే టీ తాగి హన్మకొండ దాకా పోయి వస్తాడు. రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు. పోయిన నెల ఎండలో తిరిగి వస్తూ గూడెప్పాడు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాడు. ఎవరో పుణ్యాత్ములు చెట్టు కింద పడుకోబెట్టి, తెలివి వచ్చాక మజ్జిగ తాగించారట. ఆ తర్వాత వాడి సంచిలో ఏవో మాత్రలు, ఒక ఇంజక్షన్ బుడ్డి కనిపించాయి. అడిగితే, పెద్ద పందేల్లో అందరూ వాడేవే, స్నేహితుడిచ్చాడు అంటున్నాడు. మా చుట్టాలేమో సైకిల్ ఎక్కువ తొక్కితే మగతనం దెబ్బతింటుంది, పెళ్ళి కావలసిన పిల్లవాడు, మాన్పించండి అంటున్నారు. సైకిల్ అమ్మేయమంటారా?"

అయ్యా, సైకిల్ అమ్మకండి. ఆ మాత్రలు, ఆ బుడ్డి మాత్రం ఇక ఒక్క మోతాదు కూడా పడకుండా చూడండి. వాటిని పారేసే ముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. పిల్లవాడు ఏమి వాడాడో, ఎన్నాళ్ళు వాడాడో తెలియడం అవసరం.

పందెం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు పడిపోయిన సంగతి. ఎండ వల్లనో, ఆకలి వల్లనో సొమ్మసిల్లి ఉండవచ్చు. నూటికి తొంభై పాళ్ళు అలాగే అనిపిస్తుంది. కాని శ్రమ చేస్తుండగా స్పృహ తప్పిన ఏ కుర్రవాడినీ పరీక్ష చేయకుండా వదలకూడదు. కొందరికి పుట్టుకతోనే గుండె కండరం మందంగా ఉంటుంది. కొందరికి గుండె కొట్టుకునే లయలో లోపం ఉంటుంది. మామూలుగా తిరుగుతున్నంత కాలం ఏమీ తెలియదు. వరంగల్‌లో గుండె డాక్టరు దగ్గర ఒక ఈసీజీ, ఒక ఎకో పరీక్ష చేయించండి. మీ రెండు వైపుల కుటుంబాల్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారెవరైనా ఉంటే ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పండి. ఫలితం వచ్చేవరకు సైకిల్ ఇంట్లోనే ఉండాలి.

ఇక "పెద్ద పందేల్లో అందరూ వాడేవే" అన్న మాట. మీ అబ్బాయి ప్రాణం పెట్టి చూసే ఆ పందెం గురించే చెబుతాను. ఈ భాగం అతనికి కూడా చదివి వినిపించండి.

ఆ పందెం పేరు టూర్ ద ఫ్రాన్స్. 1903లో మొదలైంది. ఆ మొదటి ఏడు 2,428 కిలోమీటర్లను ఆరు దఫాలుగా తొక్కించారు. అరవైమంది బయలుదేరితే చివరిదాకా వచ్చినవారు ఇరవై ఒక్కమంది. ఇప్పుడు 23 రోజుల్లో 21 దఫాలు, రెండు రోజులు విశ్రాంతి, మొత్తం సుమారు 3,300 నుండి 3,500 కిలోమీటర్లు. అంటే ఇంచుమించు రోజూ 160 కిలోమీటర్లు. అందులో ఎత్తయిన కొండలు కూడా ఉంటాయి.

ఇటువంటి పందెంలో మనిషికి ఎంత ఆహారం కావాలో ఊహించండి. ఒళ్ళు కదలని పని చేసే మగవాడికి రోజుకు రెండు వేల పైచిలుకు కేలరీలు చాలు. ఈ పందెగాళ్ళకు ఐదారు వేలు కావాలి, కొండలెక్కే రోజున ఇంకా ఎక్కువ. ఒక కప్పు వండిన అన్నంలో సుమారు 200 కేలరీలుంటాయి. ఆరు వేలంటే ముప్ఫై కప్పుల అన్నం! ఒక్కసారి కూర్చుని తినేది కాదు. అందుకే వాళ్ళు సైకిల్ మీదనే తింటారు. దారి పక్కన మనుషులు నిలబడి చేతికి గుడ్డసంచి అందిస్తారు. భుజాన తగిలించుకుని తొక్కుతూనే తింటారు. మన పల్లెల్లో పొలానికి పంపే సద్దిమూటే అనుకోండి. ఆ మూటలో ఏముంటుందో తెలిస్తే మీ అబ్బాయి ఆశ్చర్యపోతాడు. తీపి పానీయాలు, పండ్లతో బాటు, వండిన బియ్యాన్ని అదిమి చేసిన ముక్కలు కూడా ఉంటాయి!

మరి మీ అబ్బాయి ఏం తిన్నాడు? టీ తాగి బయలుదేరాడు. రాత్రి నిద్రలో కాలేయంలోని చక్కెర నిల్వ చాలా భాగం తరిగిపోతుంది. కండరాల్లో దాచి ఉన్న చక్కెర కూడా గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు బరువెక్కుతాయి, చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, తల తిరుగుతుంది. దీన్ని అతను "సత్తువ లేకపోవడం" అనుకున్నాడు. స్నేహితుడు మాత్ర ఇచ్చాడు. పొయ్యిలో కట్టెలు అయిపోతే ఇంకొక కట్టె వేయాలి గాని, పొయ్యిని కొడితే మండుతుందా?

మాత్రతో ఏమవుతుందో ఆ పందెమే లోకానికి చూపించింది. టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషువాడు 1965లో ప్రపంచ విజేత. 1967 జూలై 13న, ఎండ మండిపోతుండగా, వాంతూ అనే చెట్టూచేమా లేని కొండ ఎక్కుతున్నాడు. అప్పటికి కొన్ని రోజులుగా అతనికి కడుపు బాగాలేదు. ఒకసారి పడ్డాడు. లేపి సైకిలెక్కించారు. కొంత దూరం పోయి మళ్ళీ పడ్డాడు. ఇక లేవలేదు. శిఖరం ఇంకా ఒక కిలోమీటరు దూరం ఉంది. వయసు ఇరవై తొమ్మిదేళ్ళు. పరీక్షలో అతని శరీరంలో ఆంఫెటమిన్ అనే ఉత్తేజక మందు, మద్యం బయటపడ్డాయి. ఆ రోజుల్లో పందెంలో నీళ్ళు కూడా కొలిచి ఇచ్చేవారు.

ఆ మందు ఏం చేసిందో గమనించండి. అది సత్తువ ఇవ్వలేదు. అలసటను తెలియకుండా చేసింది. అలసట శరీరం మనకు చెప్పే హెచ్చరిక. "ఇక ఆపు, వేడి పెరుగుతున్నది, నీరు తగ్గుతున్నది" అని శరీరం చెబుతుంటే, మందు ఆ నోరు మూసింది. అదే సమయంలో ఒంట్లో వేడిని పెంచి, చర్మంలోని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేసి, వేడి బయటికి పోయే దారిని కూడా అడ్డుకుంది. కొండ మీద అతను పడిన చోట ఇప్పుడు ఒక రాతి స్మారకం ఉంది.

ఇంకొక రకం మందు రక్తంలో ఎర్రకణాలను పెంచే ఇంజక్షన్. మూత్రపిండాలు చెడిన రోగులకు అది అమృతమే. ఆరోగ్యవంతుడు తీసుకుంటే రక్తం చిక్కబడి గుండెలోనో మెదడులోనో గడ్డకట్టవచ్చు. ఇటువంటి మందులతో గెలిచినవాడే లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1999 నుండి 2005 వరకు వరుసగా ఏడుసార్లు గెలిచాడు. 2012లో ఆ ఏడు గెలుపులూ అతని పేరు నుండి కొట్టివేశారు. అందరూ వాడేవే అయితే వాటికి ఇంత శిక్ష ఎందుకుంటుంది?

మూడో రకం, మన ఊళ్ళలో వ్యాయామశాలల చుట్టూ ఎక్కువగా తిరిగేది, మగ హార్మోను ఇంజక్షన్. మీరు చెప్పిన బుడ్డి అదేనని చూడకుండా చెప్పలేను. అయితే మీ చుట్టాల భయానికి జవాబు ఇక్కడే ఉంది. బయటినుండి ఈ హార్మోను వస్తుంటే వృషణాలు తమ పని మానుకుంటాయి. చిన్నవవుతాయి. వీర్యకణాలు తగ్గిపోతాయి, ఒక్కొక్కరికి పూర్తిగా లేకుండా పోతాయి. మందు మానాక తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు. రొమ్ములు పెరగడం, మొటిమలు, రక్తపోటు, గుండెజబ్బు కూడా రావచ్చు. మగతనం గురించి భయపడదలిస్తే ఆ బుడ్డిని చూసి భయపడాలి, సైకిలును చూసి కాదు.

సైకిల్ వల్ల వచ్చేది తిమ్మిరి. సీటు ముక్కు మీద బరువంతా మోపి గంటల కొద్దీ కూర్చుంటే, జననాంగాలకు ఆసనానికి మధ్యనున్న చోట నరాలు, రక్తనాళాలు నొక్కుకుంటాయి. ఇటీవల వేలమందిని పరిశీలించినప్పుడు, సైకిల్ తొక్కేవారిలో మిగతావారికన్నా అంగస్తంభన లోపం ఎక్కువగా కనబడలేదు. తిమ్మిరి మాత్రం కనబడింది. తిమ్మిరెక్కితే అలక్ష్యం చేయకూడదు. పది నిమిషాలకొకసారి పెడల్స్ మీద లేచి నిలబడి తొక్కాలి. సీటు ముక్కు పైకి లేచి ఉండకూడదు. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకునేంత ఎత్తులో సీటు ఉండాలి. ఇవన్నీ సరిచేసినా తిమ్మిరి పోకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు మీ అబ్బాయి చేయవలసినవి చెబుతాను.

బయలుదేరే ముందు, ముప్పావు గంట ముందుగా, రెండు మూడు ఇడ్లీలో, ఒక గిన్నెడు అటుకులో, ఒక అరటిపండో తినాలి. గంట దాటి తొక్కేటప్పుడు ప్రతి గంటకూ ఒక అరటిపండు, ఒక చిన్న బెల్లంముక్క చాలు. ఆకలి వేసేదాకా ఆగకూడదు. ఇంటికి వచ్చిన గంటలోపల అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు కడుపునిండా పెట్టండి. ఇది ఖరీదైన తిండి కాదు, మీ ఇంట్లో ఉన్నదే. డబ్బాల్లో అమ్మే పొడులకు డబ్బు పోయనవసరం లేదు.

నీటి విషయంలో ఒక సులువైన లెక్క ఉంది. పోయేముందు, వచ్చిన తర్వాత బరువు చూసుకోవాలి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు నీరు పోయినట్లు. అరవై కిలోల మనిషి కిలో పావుకన్నా ఎక్కువ తగ్గితే దారిలో తాగింది చాలలేదన్నమాట. బరువు పెరిగితే అవసరానికి మించి తాగినట్లు. అదీ మంచిది కాదు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. రెండు సీసాలు వెంట ఉండాలి. ఒకదానిలో మంచినీళ్ళు, రెండోదానిలో ఓఆర్ఎస్. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు నీటికి తలకొట్టిన టీ చెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కూడా మంచిదే.

మన వైపు వేసవిలో ఎనిమిదిన్నర దాటాక రోడ్డు మీద ఉండకూడదు. ఎండలో తొక్కేవాడు తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని ధైర్యం చెప్పుకోవద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు గాని, మజ్జిగ గాని పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నొప్పుల మాత్ర వేసుకుని తొక్కకూడదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బాగా తొక్కిన తర్వాత మూత్రం కషాయం రంగులో వస్తే, కండరాలు చితికి ఆ మలినం మూత్రపిండాల్లోకి పోతున్నదన్నమాట. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

రోడ్డు సంగతి. అక్కడ పందెం నాడు రోడ్డు మూసేస్తారు, డాక్టరు కారు వెనకాలే వస్తుంది. మన భూపాలపల్లి రోడ్డు మీద లారీలు వస్తాయి. ఎదురుగాలి తప్పించుకోవడానికి లారీ వెనకో, ట్రాక్టర్ వెనకో అంటిపెట్టుకుని తొక్కడం ప్రాణాలతో చెలగాటం. తలకు హెల్మెట్ తప్పనిసరి. 1995లో ఆ పందెంలోనే ఫాబియో కాసర్టెల్లి అనే ఇటలీవాడు కొండ దిగుతూ పడి తలకు దెబ్బతగిలి మరణించాడు. 2003లో ఇంకొక పందెంలో కజకిస్తాన్‌కు చెందిన ఆండ్రే కివిలెవ్ అలాగే పోయాక గాని, హెల్మెట్ నియమం చేయలేదు. ఇద్దరు పోయాక వాళ్ళు నేర్చుకున్న పాఠాన్ని మనం ముందే నేర్చుకోవచ్చు.

చివరగా మీ అబ్బాయికి ఒక మాట. బాబూ, నీవు చూసే పందెగాళ్ళు మూడు వారాలు తొక్కగలిగేది ఒక రోజు శౌర్యంతో కాదు. ప్రతి సాయంత్రం తిని, కాళ్ళు చాపి, ఎనిమిది తొమ్మిది గంటలు నిద్రపోయి, మరునాటికి ఒంటిని సిద్ధం చేసుకుంటారు. నిన్నటి అప్పు ఈ రోజు తీర్చనివాడు వారం తిరిగేసరికి పందెం వదిలి వెళ్ళిపోతాడు. నీవు కూడా వారానికి ఒకటి రెండు రోజులు సైకిల్ ముట్టకుండా ఉండు. దూరాన్ని వారానికి పదో వంతు కన్నా పెంచకు. నీ తండ్రి అప్పు చేసి సైకిల్ కొన్నాడు. నీ వైపు నుండి ఆయనకు కావలసింది బహుమతి కప్పు కాదు, నీవు సాయంత్రానికి క్షేమంగా ఇంటికి రావడం.

అయ్యా, గుండె పరీక్షలు చేయించాక ఫలితం రాయండి. అన్నీ సవ్యంగా ఉంటే సైకిలెక్కనివ్వండి. పొద్దున పోయేటప్పుడు సద్దిమూట మీ చేత్తోనే కట్టివ్వండి.