రెండవ మెట్టు

2024వ సంవత్సరపు వేసవినాటికి హైదరాబాదు నగరమునకు జాతీయస్థాయి ఫుట్‌బాలు క్లబ్బులు రెండుండెను. అందొకటియగు హైదరాబాదు ఎఫ్.సి. మొదటి శ్రేణి పోటీయైన ఇండియన్ సూపర్ లీగునందును, రెండవదియగు శ్రీనిధి డెక్కన్ దాని క్రింది శ్రేణియగు ఐ-లీగునందును ఆడుచుండెను. ఆ యేడు హైదరాబాదు ఎఫ్.సి. ఇరువదిరెండు ఆటలాడి, ఒక్కదానినే గెలిచి, 8 పాయింట్లతో పట్టికలో అట్టడుగున నిలిచినది. శ్రీనిధి డెక్కన్ తన లీగునందు వరుసగా రెండవ యేడును ద్వితీయస్థానము సంపాదించినది. ఫలితమేమి? అడుగున నిలిచిన జట్టు పైశ్రేణినే యుండెను. పైకెగబ్రాకిన జట్టు క్రిందనే యుండెను. ఇందు నియమోల్లంఘన మేమియు లేదు. నియమములే అట్లున్నవి. మా యాక్షేపణ మా నియమములమీదనే.

అటుపిమ్మట జరిగిన కథయు పాఠకు లెరుగనిది కాదు. పూనా క్లబ్బు స్థానమున 2019లో వచ్చి, 2021-22లో విజేతయై, నగరవాసులచేత జయజయధ్వానములు పొందిన ఆ హైదరాబాదు క్లబ్బు, యజమానులు మారి, 2025వ సంవత్సరమున పేరు మారి, ఊరు మారి, ఢిల్లీ క్లబ్బైపోయినది. సంతలో కొన్న యెద్దును తోలుకొనిపోయినట్లు ఒక నగరపు క్లబ్బును తోలుకొనిపోవచ్చునను సంగతి మన కప్పుడు తెలిసినది. ఆటలో ఓడినందున క్రిందికి దిగుట యెరుగని క్లబ్బు, బేరము కుదిరినందున ఊరే విడిచినది.

ఈ యేర్పాటు ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పవలసియున్నది. మన దేశమున జాతీయ ఫుట్‌బాలు లీగు 1996లో ప్రారంభమైనది. 2007లో అదియే ఐ-లీగను పేరు దాల్చినది. 2010వ సంవత్సరాంతమున అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య పదునైదేండ్లకు ఏడువందల కోట్ల రూపాయల యొడంబడిక చేసికొని, ఆటకు సంబంధించిన వాణిజ్యహక్కులను ఒక వ్యాపారసంస్థ చేతబెట్టినది. దాని ఫలముగా 2014లో సూపర్ లీగు పుట్టినది. అయిదేండ్లు రెండు లీగులును ప్రక్కప్రక్కనే నడచెను. 2019లో ఆసియా ఫుట్‌బాలు సమాఖ్య పెద్దరికమున సూపర్ లీగు మొదటిదనియు, ఐ-లీగు రెండవదనియు నిర్ణయమైనది. మరుసటి యేడే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులు సూపర్ లీగులోనికి పోయెను. ఇరువదియేండ్లకు పైగా దేశమున కగ్రస్థానమున నిలిచిన పోటీ, మైదానమున నోడియుగాక, కాగితముమీద రెండవదైనది.

రెండవదియన్నంతమాత్రమున తక్కువదియని పాఠకులు తలంపరాదు. మిజోరాము కొండలలోని ఐజాల్ క్లబ్బు 2016-17లో మోహన్ బగానును ఒక్క పాయింటుతో వెనుకద్రోసి విజేతయైనది. అంతకుముందటి యేడు అది లీగునుండి జారిపోయినదే; గోవా క్లబ్బులు తప్పుకొనుటచేత దానికి మరల చోటు దొరకినది. ఇది అదృష్టముగాని ఆటచే గెలిచిన హక్కు కాదని వాదించువారితో మేమును ఏకీభవింతుము. కాని దొరకిన చోటును వారు వినియోగించుకొన్న తీరు ఎవరు మరువగలరు? కేరళకు చెందిన గోకులము క్లబ్బు 2021, 2022 సంవత్సరములలో వరుసగా ఐ-లీగు గెలిచినది. ఆ రెండుసార్లును పైకి పోవుటకు దానికి దారి లేదు. ఏలయన ఆరోహణనియమ మటు తరువాతి యేటినుండిగాని అమలునకు రాలేదు. ఆ 2022 మే నెలలోనే ఆసియా పోటీలో కలకత్తా నగరమున, మొదటి శ్రేణి జట్టగు ఏ.టి.కె. మోహన్ బగానును అదే గోకులము 4-2 గోళ్లతో ఓడించినది. ఏ జట్టు ఏ మెట్టుమీద నుండదగునో నిర్ణయించుటకు ఇంతకన్న మంచి సాక్ష్యము న్యాయస్థానములో సైతము దొరకదు.

ఎట్టకేలకు 2023లో తలుపు కొంత తెరచిరి. ఆ యేడు పంజాబు క్లబ్బును, 2024లో మహమ్మడన్ స్పోర్టింగును పైశ్రేణికి పోయెను. కాని తలుపు ఒకవైపుననే తెరచిరి. ఐ-లీగునుండి క్రిందికి దిగవలసినవారు మాత్రము తప్పక దిగుచుండిరి: 2023లో సుదేవా ఢిల్లీ, ముంబయి కెంక్రే, 2024లో మణిపూరునకు చెందిన నెరోకా, ట్రావు, 2025లో స్పోర్టింగ్ క్లబ్ బెంగుళూరు, ఢిల్లీ ఎఫ్.సి. ఈ మూడేండ్లలో సూపర్ లీగునుండి దిగినవా రెందరు? ఒక్కరును లేరు. మణిపూరు రాష్ట్రము కలహాగ్నిలో నుండి, అచ్చటి జట్లు సొంత మైదానములు విడిచి పరాయి యూళ్లలో ఆడవలసివచ్చిన యేటనే ఆ రెండు జట్లకును అవరోహణశిక్ష పడినది. అదే యేట ఒక్క ఆట గెలిచిన పైశ్రేణి క్లబ్బునకు రక్షణ కలిగినది. పేదకొక ధర్మశాస్త్రమును ధనికున కింకొకటియునా?

పైశ్రేణి యజమానుల వాదనను గూడ మేము వినకపోలేదు. తాము ఏటేట కోట్ల రూపాయల రుసుము చెల్లించి, నష్టములకోర్చి లీగును నిలువబెట్టితిమనియు, ఇప్పుడు ఒక్క యేటి యోటమితో క్రిందికి ద్రోయుట తగదనియు వారందురు. నష్టములు నిజమే. కాని నష్టములు వారొక్కరికేనా? మహీంద్రా క్లబ్బు 2010లోను, మొట్టమొదటి జాతీయ లీగు విజేతయైన జె.సి.టి. 2011లోను మూతపడెను. శ్రీనగరమునుండి గోవాకును, ఐజాలునుండి కాళికోటకును ఆటగాండ్రను త్రిప్పుకొని తిరుగు రెండవ శ్రేణి క్లబ్బులకు ప్రయాణపు ఖర్చు పైవారికన్న తక్కువగునా? రుసుము చెల్లించినవాడు పోటీలో ప్రవేశము కొనవచ్చును. పోటీ ఫలితమునుండి రక్షణను కొనజాలడు. అట్లు కొనగలిగినచో దానికి ప్రదర్శనమను పేరు తగును, లీగను పేరు తగదు.

2024-25వ యేటి కథ మరియొక విధమైన అన్యాయమును బయలుపరచినది. ఏప్రిల్ 6వ తేదీతో ఆటలు ముగియునప్పటికి గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్సునకు 40 పాయింట్లును, ఇంటర్ కాశీకి 39 పాయింట్లును ఉండెను. జనవరిలో నామ్‌ధారి జట్టు అర్హతలేని ఆటగానిని దింపినదని ఇంటర్ కాశీ చేసిన ఫిర్యాదు అప్పటికింకను తేలలేదు. సమాఖ్యయొక్క ఒక సంఘము ఇంటర్ కాశీకి మూడు పాయింట్లిచ్చినది. వేరొక సంఘము వానిని త్రోసివేసినది. ఏప్రిల్ నెలలో చర్చిల్ బ్రదర్సే విజేతలని ప్రకటించిరి. వ్యాజ్యము స్విట్జర్లాండునందలి లోజాన్ నగరములోని క్రీడా మధ్యవర్తి న్యాయస్థానమునకు పోయినది. జూలై 18వ తేదీని ఆ న్యాయస్థానము ఇంటర్ కాశీకే విజయమని తీర్పు చెప్పినది. కడపటి ఆటకును ఈ తీర్పునకును నడుమ నూటమూడు దినములు! మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. వాయిదాల రుచి మాకు తెలియనిది కాదు. అయినను జనవరిలో జరిగిన యొక ఆటకు వేసవిలోగా ఈ దేశముననే అంతిమనిర్ణయము చేయలేకపోవుట సమాఖ్యకు సిగ్గుచేటు. అంతకాలము రెండు క్లబ్బులలోను ఆటగాండ్ర యొడంబడికలు, జీతములు, ఆశలు గాలిలో వ్రేలాడుచుండెను.

ఇదంతయు మనకేల యని చదువుగదిలోని యే పెద్దయైన అడుగవచ్చును. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకమును పొందినది. సికింద్రాబాదు బాలుడు తులసీదాస్ బలరాము ఆ స్వర్ణమును తెచ్చినవారిలో నొకడు. గల్లీలలో వట్టికాళ్లతో ఆడినవారికి నాడు పైకి పోవు దారి యుండెను. ఆ దారి నేడు రెండవ శ్రేణి క్లబ్బులగుండ పోవుచున్నది. ఆ క్లబ్బులు నశించినచో మన పిల్లవాడు ఎచ్చట కాలుమోపవలెను?

ఇప్పుడొక యవకాశము లభించినది. సర్వోన్నత న్యాయస్థానముచేత నియుక్తులై మన తెలుగువారగు న్యాయమూర్తి లావు నాగేశ్వరరావుగారు తయారుచేసిన సమాఖ్య నిబంధనావళిని ఆ న్యాయస్థానము కొన్ని మార్పులతో 2025 సెప్టెంబరు 19వ తేదీని ఆమోదించినది. మొదటి శ్రేణి లీగు సమాఖ్యదే కావలెననియు, ఆరోహణావరోహణములు రెండును పాటింపబడవలెననియు అందు స్పష్టముగా నున్నది. వ్రాతలో నున్నది ఆచరణలోనికి రావలెను. ప్రతి యేటను మొదటి ఆటకు పూర్వమే, పైశ్రేణినుండి దిగు క్లబ్బులెన్నియో, పైకెక్కునవెన్నియో అంకెలతో ప్రకటింపవలెను. ఆటగాండ్ర యర్హతనుగూర్చిన ఫిర్యాదులను ముప్పది దినములలో తేల్చునట్టి స్వతంత్రసంఘమును ఏర్పరుపవలెను. అందు సమాఖ్య యుద్యోగులుగాని, ఏ క్లబ్బుయొక్క బంధువులుగాని ఉండరాదు. నడుమ ఋతువున నియమములు మార్చుటకు ఎవరికిని, ఎంత రుసుము చెల్లించినవారికైనను, అధికారముండరాదు.