మజిలీ ఊరి చెరువు

ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం. దాని గురించి తరగతిలో చెబుతుంటే ఒక విద్యార్థి లేచి అడిగాడు: "టీచర్, రెండేళ్లలో నాన్నగారికి బదిలీ అయిపోతుంది. సూరత్ చెరువుల సంగతి మనకెందుకు?"

నాకు కోపం రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇన్ని ఊళ్లు తిరిగాక, అది పొరపాటని తెలిసింది.

ఏడాదంతా గానీ, కొన్ని నెలలు గానీ నీరు నిలిచే చోటే చిత్తడి నేల. చెరువులు, సరస్సులు, మడ అడవులు అన్నీ ఈ కోవలోవే. వాన ఎక్కువైతే ఇవి నీటిని పట్టి ఉంచుతాయి, మెల్లగా భూమిలోకి ఇంకిస్తాయి. వీటిని కాపాడుకోవాలని 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో ఒప్పందం కుదిరింది. 1982లో మన దేశమూ అందులో చేరింది. అయినా 1970 నుంచి 2015 లోపు ప్రపంచంలోని చిత్తడి నేలల్లో సుమారు 35 శాతం మాయమయ్యాయి.

మన కొల్లేరునే చూడండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని తనలో నింపుకొని, మిగిలినది ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే మంచినీటి సరస్సు అది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. కానీ అప్పటికే సరస్సులో చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో ప్రభుత్వం ఆ గట్లను కొట్టించింది. వాటి మీద బతికే పేద కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. ముందే జాగ్రత్త పడితే సరస్సుకూ, వారికీ ఆ కష్టం వచ్చేది కాదు.

'నీరు పల్లమెరుగు' అన్నారు పెద్దలు. ఆ పల్లాన్ని మనం పూడ్చి ఇళ్లు కడితే నీరు ఆ ఇళ్లలోకే వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచింది. ఇక్కడ 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీటితో తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. మన తెలుగు నేత కార్మికులు ఎక్కువగా ఉండే లింబాయత్ వారికి వానాకాలం వస్తే ఇప్పటికీ ఖాడీ భయమే.

చలికాలంలో తాపీ మీదికి వచ్చే తెల్లని గల్ పక్షులకు జనం గాఠియా విసరడం మీరూ చూసే ఉంటారు. ఆ పక్షులకు కావలసింది గాఠియా కాదు, శుభ్రమైన నీరు. వాటికీ మనలాగే ఏ ఊరూ శాశ్వతం కాదు. కానీ దారిలో ఒక్క మజిలీ ఎండినా వాటి ప్రయాణం కష్టమవుతుంది.

ఆ విద్యార్థికి నా జవాబు ఇదే: నాయనా, నువ్వు రేపు వెళ్లబోయే ఊరి చెరువును ఈరోజు ఎవరో కాపాడుతున్నారు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడి చెరువు నీ వంతు. కొత్త ఊరు చేరగానే మూడు ప్రశ్నలు అడుగు: ఇక్కడి నీరు ఎక్కడి నుంచి వస్తుంది? ఎటు పోతుంది? దానికి అడ్డు ఏమిటి?