బాక్టీరియా తెగుళ్లు: యాంటీబయాటిక్ సిఫార్సు మొదటి వరుసలో ఉండవచ్చునా?

వరి పిలకదశ దాటి అంకురదశకు చేరే వేళ ఈదురుగాలితో కూడిన వాన కురిస్తే, కొద్ది రోజులకే ఆకుల అంచులు పసుపు వర్ణానికి తిరగడం కోస్తా డెల్టాలలోను, తెలంగాణ ఆయకట్టులలోను ఏటా కనిపించే దృశ్యమే. రైతు ఆ ఆకును పట్టుకొని మొదట వెళ్లేది పురుగుమందుల దుకాణానికి. అక్కడ ఒక శిలీంధ్రనాశిని, ఒక యాంటీబయాటిక్ పొట్లం, ఒక సూక్ష్మపోషక మిశ్రమం కలిపి చేతికి వస్తాయి. తెగులు ఏదో తేలకముందే మందు నిర్ణయమైపోతుంది. ఈ అలవాటును సరిదిద్దవలసిన విస్తరణ విభాగమే, కరపత్రాలలో యాంటీబయాటిక్‌ను చికిత్సగా ముందు వరుసలో ముద్రించి దానికి ఊతమివ్వడం తగదు. బాక్టీరియా తెగుళ్ల యాజమాన్యంలో దాని స్థానం మొదటిది కాదని సిఫార్సు పట్టికలే చెప్పవలసిన సమయం వచ్చింది.

ఎండాకు తెగులుకు కారణం శాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా. 1884లో జపాన్‌లో మొదట గమనించిన ఈ తెగులు, మన దేశంలో 1963లో బీహారులోని షాహాబాద్ జిల్లాలో ఉద్ధృతంగా వ్యాపించి అందరి దృష్టికి వచ్చింది. ఎరువులకు బాగా స్పందించే పొట్టి రకాల సాగు పెరిగిన కొద్దీ దీని విస్తృతీ పెరిగింది. ఆకు అంచులలోని నీటి రంధ్రాల ద్వారా, గాలికి ఆకులు ఒరుసుకొన్నప్పుడు ఏర్పడే గాయాల ద్వారా, నాట్లకు ముందు నారు కొసలు తుంచినచోట ఇది లోనికి చేరుతుంది. చేరిన తరువాత నీటిని మోసే దారునాళాలలో వృద్ధి చెందుతుంది. పైపూతగా పిచికారీ చేసిన మందు ఆ నాళాలలోకి తగిన మోతాదులో చేరడం కష్టం. ట్రైసైక్లజోల్, హెక్సాకొనజోల్ వంటి శిలీంధ్రనాశినులకు బాక్టీరియాపై ప్రభావమే లేదు.

లక్షణాలను గుర్తించడంలోనే సగం చికిత్స ఉన్నది. ఆకు కొస నుండి అంచుల వెంట అలల వలె పసుపు చారలు కిందికి దిగి, క్రమంగా గడ్డి రంగుకు మారి ఎండిపోతాయి. తెల్లవారుజామున ఆకులపై పాలవంటి జిగురు బిందువులు కనిపిస్తాయి. ఎండ తగలగానే అవి పచ్చని పూసల వలె గట్టిపడతాయి. నారు, తొలి పిలక దశలలో సోకితే మొక్క మొత్తం వాడి చనిపోతుంది. దీనిని కాండం తొలుచు పురుగు నష్టంగా పొరబడటం సాధారణం. పురుగు ఆశించిన మొవ్వు లాగితే తేలికగా ఊడి వస్తుంది. బాక్టీరియా సోకిన పిలకను మొదలు వద్ద కోసి నొక్కితే జిగురు స్రవిస్తుంది. అంచులు ఎండటానికి పొటాష్ లోపం, చౌడు కూడా కారణాలు కావచ్చు. సందేహం తీరడానికి ఒక గాజు గ్లాసు చాలు. మచ్చ అంచున కోసిన ఆకు ముక్కను తేట నీటిలో నిలిపితే, బాక్టీరియా ఉన్నపుడు కొద్ది నిమిషాలలోనే కోసినచోటు నుండి పాలవంటి ధార దిగుతుంది. టమాటాలో బాక్టీరియా వడలు తెగులును కూడా కాండం ముక్కతో ఇదే రీతిలో గుర్తించవచ్చు.

ఇక యాంటీబయాటిక్ విషయం. పొలంలో వాడే స్ట్రెప్టోసైక్లిన్‌లో ఉన్నవి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. 1943లో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్, క్షయపై పనిచేసిన తొలి యాంటీబయాటిక్. పొలంలో చల్లిన ద్రావణం తెగులు బాక్టీరియాను మాత్రమే వెదకి పట్టదు. ఆకులపై, మట్టిలో, కాలువ నీటిలో ఉన్న ఇతర సూక్ష్మజీవులనూ తాకుతుంది. వాటిలో నిరోధకత గలవి మిగిలి, ఆ జన్యువులను ఇతర బాక్టీరియాకు అందించగలవు. ఈ కారణం చేతనే 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ పంటలపై ఈ రెండింటి వాడకాన్ని నిషేధించే ముసాయిదా ఉత్తర్వును వెలువరించింది. అందులోని హెచ్చరిక సిఫార్సు పట్టికలలో ప్రతిఫలించాలి.

"చేను ఎండుతూ ఉంటే ఏమీ కొట్టవద్దని చెప్పగలమా?" అని క్షేత్ర సిబ్బంది అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. తీవ్రమైన సంవత్సరాలలో దిగుబడి సగం వరకు పడిపోగల తెగులు ముందు రిక్తహస్తాలతో నిలిచిన శాస్త్రవేత్తను రైతు మరల పిలువడు. అయితే చెప్పడానికి పనులు లేకపోలేదు. తెగులు కనిపించగానే యూరియా పైపాటు ఆపాలి. పొలంలోని నీటిని తీసి ఆరబెట్టాలి. ఆ నీటిని పక్క చేనులోకి మాత్రం వదలరాదు. నత్రజనిని ఆరంభం నుండే దమ్ములో, పిలకదశలో, అంకురదశలో మూడు దఫాలుగా వేయాలి. పొటాష్‌ను తేలిక నేలలలో సగం దమ్ములో, సగం అంకురదశలో వేయాలి. తెగులు వచ్చే ప్రాంతాలలో నారు కొసలు తుంచరాదు. వీటిలో ఒక్కటీ రైతుకు అదనపు మందు ఖర్చు తెచ్చేది కాదు.

అన్నిటికన్నా బలమైన రక్షణ విత్తనంలోనే ఉన్నది. 1986లో బాపట్ల నుండి విడుదలైన బీపీటీ 5204 సన్నబియ్యానికి పెట్టింది పేరు. ఎండాకు తెగులుకు మాత్రం సులభంగా లొంగుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, నేటి భారత వరి పరిశోధన సంస్థ కలిసి అదే రకంలో మూడు నిరోధక జన్యువులను కూర్చి రూపొందించిన మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. వాటిలో ఒకటైన ఎక్స్‌ఏ 21 ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చింది. ఒకే జన్యువును బాక్టీరియా జయించగలదు; మూడింటిని ఒకేసారి జయించడం కష్టం. ఇటువంటి విత్తనం సకాలంలో గ్రామానికి చేరితే ఎన్నో పిచికారీలు తప్పుతాయి. విస్తరణ సామర్థ్యాన్ని పంచిన కరపత్రాలతో గాక, ఇటువంటి రకాల కింద పెరిగిన విస్తీర్ణంతో కొలవడం ఉచితం.

కనుక సిఫార్సు పట్టికలలో క్రమం మారాలి: ముందు నిర్ధారణ, తరువాత నత్రజని, నీరు, పొటాష్, ఆ పైన వచ్చే పంటకు రకం ఎంపిక. గ్లాసు నీటి పరీక్షను ప్రతి వ్యవసాయ విద్యార్థీ గ్రామీణ అనుభవ కార్యక్రమంలో రైతు గట్టు మీదనే చేసి చూపాలి. ఆ పాలధారను కళ్లతో చూసిన రైతు, అవసరం లేని పొట్లాన్ని వద్దనడానికి మరొకరి మాటపై ఆధారపడడు.