నేలతీగ – వినికిడి విద్య

ఉర్దూలో నిస్తంత్రి విద్యను ‘లాసిల్కీ’ అంటారు. అరబ్బీలో ‘సిల్క్’ అనగా తీగ, ‘లా’ అనగా లేదు అని అర్థం. మన పండితులు చేసిన ‘నిస్తంత్రి’ అనే మాటకు కూడా అర్థం అదే. రెండు భాషలూ తీగ లేదనే చెబుతున్నవి. కాని గాలిలో వచ్చే తరంగాన్ని పట్టి యంత్రానికి అందించేది మాత్రం తీగయే. పాత తరం వారు దానిని ఏరియల్ అన్నారు, ఈనాటి వారు యాంటెన్నా అంటున్నారు. ఇంటి కప్పు మీద రెండు గడల నడుమ దానిని ఎంత ఎత్తున కడితే అంత బాగా పలుకుతుందనే నమ్మకం మాత్రం మారలేదు. ఈ నమ్మకానికి భిన్నంగా, నేల మీద పరచిన తీగతో సుదూర దేశాల సన్నని సంకేతాలను వినవచ్చును. ఆ పనికి మన తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతాల రాతినేల ఎంతో అనువైనది. అయితే ఆ వినికిడికి కావలసిన నిశ్శబ్దాన్ని మనం వేగంగా పోగొట్టుకుంటున్నాము. ఈ సంగతినే విద్యార్థి లోకానికి మనవి చేయదలచినాము.

మేము తెలుగు బోధించే వారము. భౌతిక శాస్త్రం మా వృత్తి కాదు. అయినను వినుట అనేది అన్ని శాస్త్రాలకూ, అన్ని భాషలకూ ఉమ్మడి సొత్తు గనుక ఈ సాహసం చేస్తున్నాము.

హామ్ రేడియో వారికి ప్రపంచమంతటా కేటాయించిన తరంగ పట్టీలలో 1.8, 3.5, 7 మెగాహెర్ట్జ్‌ల చుట్టూ ఉన్న వాటిని దిగువ పట్టీలు అంటారు. వీటిలో మొదటిది మిక్కిలి కష్టసాధ్యమైనది. దాని తరంగ దైర్ఘ్యం సుమారు 160 మీటర్లు. పగటివేళ ఆకాశంలో అరవై నుండి తొంభై కిలోమీటర్ల ఎత్తున ఉండే ‘డి’ పొర ఈ తరంగాలను మింగివేస్తుంది. ప్రొద్దు క్రుంకిన తరువాత ఆ పొర కరిగిపోగా, పై పొరల మీద పడి పరావర్తనం చెందుతూ ఇవి వేల కిలోమీటర్లు పోగలవు. కనుక ఈ పట్టీ మీద పని చేసేవారు రాత్రి మేలుకొనే వారు. తెల్లవారుజామున మనకు తూరుపు తెల్లబడే వేళకు పశ్చిమ దేశాలు ఇంకా చీకటిలోనే ఉంటవి. ఐరోపా సంకేతాలు వినవచ్చే మంచి ముహూర్తాలలో అది ఒకటి.

ఇంత పొడవైన తరంగానికి తగిన యాంటెన్నా కట్టుట సామాన్యమైన పని కాదు. అర తరంగపు తీగ అంటే సుమారు ఎనభై మీటర్ల పొడవు. అది దూరదేశాలకు చక్కగా పని చేయాలంటే అంతే ఎత్తున వ్రేలాడాలి. అనగా చార్మినారు మినారులను మించిన రెండు స్తంభాలు కావలెనన్నమాట. తార్నాకలో అంతస్తుల ఇండ్ల నడుమ నివసించే ఒక గుమాస్తాకు గాని, ఒక విద్యార్థికి గాని అది అయ్యే పనియేనా? ఇక్కడనే చాలామంది నిరాశ చెంది ఈ విద్యను విడిచిపెడతారు.

కాని పలుకుట వేరు, వినుట వేరు. పలికే యాంటెన్నా తనకిచ్చిన శక్తిని వృథా చేయకుండా ఆకాశంలోకి పంపాలి. వినే యాంటెన్నాకు ఆ నిర్బంధం లేదు. దిగువ పట్టీలలో గాలి అంతా రణగొణ ధ్వనితో నిండి ఉంటుంది. ఎక్కడో వందల మైళ్ళ దూరాన పడే పిడుగులు, ఊరిలోని యంత్రాలు అన్నీ ఆ చప్పుడుకు కారణాలే. యాంటెన్నా నూటికి ఒక వంతు శక్తినే పట్టినను నష్టం లేదు, ఎందుకంటే సంకేతంతో పాటు చప్పుడు కూడా అంతే తగ్గుతుంది. తగ్గిన దానిని యంత్రం పెంచుకోగలదు. కావలసినది బలం కాదు, వివేచన. సంకేతం వచ్చే దిక్కు నుండి విని, తక్కిన దిక్కుల చప్పుడును విడిచిపెట్టగల తీగయే మంచి తీగ. సంతలో ఉన్నవాడు గట్టిగా వినబడే మాటల కన్న తనకు కావలసిన మాట వైపు చెవి ఒగ్గుతాడు గదా! ఇదీ అట్టిదే.

ఈ సత్యాన్ని వంద సంవత్సరాల క్రిందటనే గ్రహించిన వాడు అమెరికా ఇంజనీరు హెరాల్డ్ బెవరేజ్. నేలకు కొద్ది ఎత్తున, సంకేతం వచ్చే దిశలో చాలా పొడవుగా సాగదీసిన తీగ ఆ దిశ నుండి వచ్చే తరంగాలను ప్రత్యేకంగా పట్టగలదని ఆయన కనుగొన్నాడు. దానికి 1921లో పేటెంటు లభించినది. ఆ సంవత్సరం డిసెంబరులోనే పాల్ గాడ్లీ అనే అమెరికన్ స్కాట్లండులోని ఆర్డ్రోసన్ చేరి, సముద్రతీరాన గుడారం వేసుకుని, అటువంటి తీగనే గుంజల మీద కట్టి, అట్లాంటిక్ ఆవల నుండి హామ్ రేడియో వారు పంపిన సంకేతాలను విన్నాడు. అంతవరకు అంత చిన్న తరంగాలు, అంత చిన్న యంత్రాలు మహాసముద్రాన్ని దాటగలవని చాలామంది నమ్మలేదు. 1923లో బెవరేజ్, రైస్, కెల్లాగ్ అను ముగ్గురూ కలిసి ఈ తీగ సిద్ధాంతాన్ని సమగ్రంగా ప్రకటించారు. తరువాత కొద్దికాలానికే ఈ రైస్, కెల్లాగ్‌లు నేటి లౌడ్ స్పీకరుకు మూలరూపాన్ని నిర్మించుట మరొక విశేషం. వినుటకు తీగను వివరించిన వారే వినిపించుటకు గొంతును కూడా ఇచ్చినారు.

ఇక మన నేల సంగతి. తరంగం భూమిని ఆనుకుని పోతున్నప్పుడు దాని అడుగుభాగపు శక్తి కొంత నేలలో ఇంకిపోతుంది. అందువల్ల దాని పాదం వెనుకబడి తల ముందుకు వాలుతుంది. ఈ వాలు ఉన్నప్పుడే తరంగంలోని కొంత భాగం తీగ వెంట నడిచి అందులో విద్యుత్తును పుట్టించగలదు. నేల మంచి విద్యుద్వాహకమైతే వాలు ఉండదు, తీగ పలకదు. ఉప్పునీటి మీద ఈ తీగ దాదాపు మూగది. కృష్ణా గోదావరీ డెల్టాల తడి నల్లరేగడి సైతం దీనికంత అనుకూలం కాదు. నేల ఎంత పేదదైతే ఈ తీగ అంత బాగా వింటుంది.

హైదరాబాదు నిలబడినది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల మీద. తార్నాకకు దగ్గరలోని మౌలా అలీ గుట్టను చూచిన వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కూడా పలుచని ఎర్రమట్టి, మొరం, వాటి క్రింద రాయి. సముద్రపు నీటితో పోల్చితే పొడి రాతినేల విద్యుద్వాహకత వేల రెట్లు తక్కువ. ప్రసారం చేసేవారికి ఇది శాపం, నిలువు స్తంభానికి పెట్టిన శక్తిలో కొంత నేలపాలవుతుంది. వినేవారికి మాత్రం అదే వరం. ఒకరికి లోపమైనది మరొకరికి గుణమగుట లోకంలో అరుదు కాదు గాని, ఇంత స్పష్టంగా కనబడుట అరుదు.

బెవరేజ్ తీగకు వందల మీటర్ల జాగా, గుంజలు కావలెను. దానికి చిన్న చెల్లెలు వంటిది నేల మీదనే పరచే తీగ. నేలను తాకి ఉన్నందున ఇందులో విద్యుత్ తరంగపు వేగం తగ్గి, గాలిలోని వేగంలో సగం కన్న కొంచెం ఎక్కువగా మాత్రమే ఉంటుంది. అందుచేత ఎంత పొడవైతే అంత మంచిదనుకొనుట ఇక్కడ చెల్లదు. తీగ మరీ పొడవైతే గాలిలోని తరంగం ముందుకు పోయి, తీగలోనిది వెనుకబడి, రెండూ కలియుటకు బదులు ఒకదానినొకటి రద్దు చేసుకొంటవి. 160 మీటర్ల పట్టీకి అరవై నుండి తొంభై మీటర్లు చాలును. సంకేతం వచ్చే వైపు కొనను సుమారు 200–300 ఓముల నిరోధకం ద్వారా భూమికి కలపాలి. రెండవ కొన నుండి ఫెర్రైటు వలయం మీద చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా కేబులు ద్వారా యంత్రానికి తేవాలి. రాతిలో ఇనుప ఊచ దిగకపోతే నాలుగైదు చిన్న తీగలను నేల మీదనే పరచి భూమిగా వాడుకోవచ్చును. ఐరోపా వినాలంటే తీగను వాయవ్య దిశగా, జపాను వినాలంటే ఈశాన్య దిశగా చాచాలి.

అంత జాగా కూడా లేని వారు ఒక్కొక్క ప్రక్క నాలుగున్నర మీటర్లు ఉండే చతురస్రాన్ని నేల మీద పరచి వినవచ్చును. దానికి దిశాజ్ఞానం తక్కువే గాని, 3.5, 7 మెగాహెర్ట్జ్‌ల మీద కొన్ని వందల కిలోమీటర్ల లోపలి స్టేషన్లను వినుటకు అది పనికివస్తుంది. ఇంకొక విశేషమేమంటే ఈ తీగ ఋతువులను ఎరుగును. ఎండిన మాఘమాసపు నేల మీద ఉన్న గుణం తడిసిన శ్రావణమాసపు నేల మీద ఉండదు. వానకు ముందు, వానకు తరువాత దాని పలుకును కొలిచి వ్రాసుకొనే విద్యార్థికి భూమి గుణం గురించి ఏ పుస్తకమూ చెప్పని పాఠం తెలుస్తుంది.

ఇంతవరకు శుభవార్త. కొరత నేలకు లేదు, నిశ్శబ్దానికే ఉన్నది. చాలా ఎల్.ఇ.డి. దీపాలలో, ఫోను చార్జరులలో, ఇన్వర్టరులలో ఒక చిన్న స్విచ్చి సెకనుకు వేలసార్లు కొట్టుకుంటున్నది. చవుకగా చేసిన వాటిలో చప్పుడును అణచే భాగాలను వదిలివేస్తారు. ఆ చప్పుడు కరెంటు తీగల వెంట వీధులన్నిటా ప్రాకుతున్నది. 2017 నవంబరు నుండి తార్నాక మీదుగా మెట్రో రైలు నడుస్తున్నది. అది ప్రజలకు మేలే, దానిని తప్పుపట్టుట మా ఉద్దేశం కాదు. కాని నగరం పెరిగిన కొద్దీ వినికిడి తరుగుతుందన్న సత్యాన్ని గుర్తించక తప్పదు. తార్నాకకు చేరువలో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయే ఇందుకు సాక్షి. 1964 నుండి భూమి అయస్కాంత క్షేత్రాన్ని తన ప్రాంగణంలో కొలుస్తూ వచ్చిన ఆ సంస్థ, నగరపు అలజడికి దూరంగా చౌటుప్పల్‌లో మరొక పరిశీలనశాలను ఏర్పరచుకోవలసి వచ్చినది. పెద్ద సంస్థ అరవై కిలోమీటర్లు దూరం పోగలదు. మన విద్యార్థి ఎక్కడికి పోగలడు?

సెల్‌ఫోను, ఇంటర్నెట్టు ఉన్న ఈ కాలంలో ఈ తీగతో పని ఏమిటని కొందరు అడుగవచ్చును. 1983లో హైదరాబాదులో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరపున భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాను దీవులకు వెళ్ళినది. వారు వెళ్ళినది ప్రపంచపు హామ్ రేడియో వారితో సంభాషించుటకు. 26వ తేదీన సునామీ వచ్చి దీవులకు మాట పోకడ తెగిపోగా, ఆ వినోద యంత్రాలే ఆపన్నుల సమాచారానికి ఆధారమైనవి. అక్కడ పని చేసినవి నేలతీగలని మేము అనుట లేదు. సన్నని సంకేతాన్ని విని అర్థం చేసుకొనే చెవులు ముందుగానే సిద్ధమై ఉండుట వల్లనే ఆ మేలు జరిగినదని మాత్రం చెప్పగలము. అట్టి చెవులు ఆపద వచ్చిన నాడు అంగడిలో దొరకవు.

విదేశాలలోని రేడియో యంత్రాలను ఇంటర్నెట్టు ద్వారా త్రిప్పి వినవచ్చును గదా అని మరికొందరు అంటారు. నిజమే, అదీ ఉపయోగకరమే. కాని అది ఇతరుల చెవితో వినుట. ఆ చెవికి మన నేల తెలియదు, మన వాన తెలియదు. మన రాయి ఏమి వింటుందో మన రాతి మీద తీగ పరచిన వాడికే తెలుస్తుంది.

కనుక మా సూచన ఇది. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇంకా మిగిలిన తెరపి నేలలో, భవనాలకు, కరెంటు స్తంభాలకు దూరంగా, తొంభై మీటర్ల పొడవు గల ఒక సన్నని చారను వినికిడి చోటుగా ఉంచాలి. గోడలు వద్దు, స్తంభాలు వద్దు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు పిడుగులు తక్కువగా ఉండే దినాలలో తీగ పరచి, వేసవి రాగానే చుట్టివేయవచ్చును. కాలిబాటలకు అడ్డము రాకుండా పరచాలి, ఉరుముల వేళ యంత్రం నుండి విడదీయాలి, అధికారుల అనుమతి లేనిదే ఒక్క అడుగు తీగ కూడా వేయరాదు. జాగా లేని మా వంటి చిన్న కళాశాలల విద్యార్థులకు కూడా అక్కడ వినే అవకాశం ఉండాలి. ప్రసారం చేయుటకు ప్రభుత్వ పరీక్ష, లైసెన్సు అవసరం. అందుకు తొలిమెట్టు వినుటయే. ఖరీదైన ప్రయోగశాల లేదని చింతించే కళాశాలకు ఇంతకన్న చవుకైన ప్రయోగం మేమెరుగము.

తీగ లాగితే డొంక కదిలినట్లు ఈ ఒక్క తీగ వెంట భూగర్భ శాస్త్రం, విద్యుత్తు, వాతావరణం, భూగోళం అన్నీ కదలివస్తవి. 1918లో ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైన విశ్వవిద్యాలయం, ఆధునిక విజ్ఞానాన్ని తన ప్రజల భాషలోనికి తెచ్చుకోవచ్చునని నిరూపించినది. ఆ ప్రక్కనే ఉన్న తార్నాకకు ఆ పేరు, తోట చుట్టూ వేసిన ‘తార్’, అనగా కంచె తీగ, దాని దగ్గరి ‘నాకా’, అనగా కాపలా చౌకీ, ఈ రెంటి వల్ల వచ్చినదని పెద్దలు చెబుతారు. ఆ తీగ మనుషులను ఆపుటకు వేసినది. మేము కోరే తీగ దూరపు మనుషుల మాటను రానిచ్చుటకు. నేల ఇంకా మన పాదాల క్రింద ఉన్నది, నిశ్శబ్దం కూడా కొంత మిగిలి ఉన్నది. ఉన్నంతలోనే దానిని కాపాడుకొందుము గాక!