సూడదు మేడం, ఇంటది

ఈ ఏడు ఎమ్మే పిల్లలకి మీడియా స్టడీస్ చెప్పమని నాకు అప్పగించారు. నేను చదివింది సాహిత్యం, డాక్టరేటు చేసింది నవల మీద. గెస్టు లెక్చరర్‌ని కనక కాదనే వీల్లేదు. సిలబస్‌లో మొదటి యూనిట్ 'ప్రేక్షకులు'. పాఠంలోకి వెళ్ళే ముందు క్లాసులో ఒక ప్రశ్న వేశాను: టీవీ సీరియళ్ళు ఎవరు చూస్తారు?

మా అమ్మ అన్నారు. నానమ్మ, అత్తమ్మ, పక్కింటి ఆంటీ, హాస్టల్లో వంటామె అన్నారు. 30 మంది ఉన్న క్లాసులో 'నేను' అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మగపిల్లలు నవ్వారు. ఆడపిల్లలు ఇంకాస్త గట్టిగా నవ్వారు, తాము ఆ జాబితాలో లేమని చెప్పుకోవాలి కదా. నేనూ నవ్వాను. నా కోపమంతా ఆ నవ్వు మీదే, నాదానితో సహా.

ఆ నవ్వుల మధ్య వెనక బెంచీలోంచి నిజామాబాద్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి అంది: "మా అమ్మ సీరియల్ సూడదు మేడం, ఇంటది."

వాళ్ళమ్మ బీడీలు చేస్తుంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. వెయ్యి బీడీలకింత అని కూలి. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. చూపు పక్కకి పోతే పని వెనకపడుతుంది, సరిగ్గా లేని బీడీల్ని కంపెనీ తీసుకోదు. టీవీ లోపలి గూట్లో ఉంటుంది. వెలుతురు కోసం ఆమె వాకిలి వైపు తిరిగి, టీవీకి వీపు పెట్టి కూర్చుంటుంది. నాలుగేళ్ళుగా 'ఇంటున్న' సీరియల్లో హీరోయిన్ మొహం ఎలా ఉంటుందో ఆమెకి సరిగ్గా తెలియదట. గొంతు మాత్రం ఎక్కడ విన్నా గుర్తుపడుతుంది.

నా చేతిలో ఉన్న నోట్సంతా కళ్ళ గురించే. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం సినిమాలో మగచూపు గురించి. అసలు 'ప్రేక్షకులు' అన్న మాటలోనే చూపు ఉంది. టానియా మోడ్లెస్కీ 1982లోనే, అమెరికన్ సోప్‌ల నడక ఇంటిపనిలో మాటిమాటికీ తెగిపోయే ఆడవాళ్ళ ధ్యాసకి సరిపోయేలా ఉంటుందని రాసింది. దగ్గరకొచ్చింది. కానీ అది కూలి లేని ఇంటిపని గురించి, ఇది వెయ్యికింత లెక్క. సీరియల్లో ఒక్క మాటకి మూడుసార్లు ఉరుము ఉరమడాన్ని మనమెంత వెక్కిరించాం! ఆ ఉరుము ఆమెకొక కబురు. ఎవరో తలుపు చాటున నిలబడి వినేశారు, కావాలంటే ఇప్పుడొకసారి తల తిప్పితే చాలు. చెయ్యి ఆపకుండా కథలో ఉండడానికి ఆమెకున్న దారి ఆ మోతే.

అలాగని ఛానల్ వాళ్ళు ఆమె మీద దయతో ఉరిమిస్తున్నారని కాదు. ప్రేక్షకుల్నే సరుకు చేసి ప్రకటనదారులకి అమ్ముతారని డాలస్ స్మైత్ 1977లో వాదించాడు. ఈమె చేతుల్ని ఒక కంపెనీ, చెవుల్ని ఇంకో కంపెనీ ఒకే మధ్యాహ్నం వాడుకుంటున్నాయి. మొదటిది కూలైనా ఇస్తుంది.

మరి మనమేం చేశాం? 1995లో తెలుగులో ప్రైవేటు ఛానళ్ళు వచ్చినప్పటి నుంచీ 'ఫలానా సీరియళ్ళలో స్త్రీ పాత్ర చిత్రణ' అని రాస్తూనే ఉన్నాం. రాయడం తప్పనను. అత్తాకోడళ్ళ కుట్రల్నీ, తాళి చుట్టూ తిప్పే కథల్నీ ఎండగట్టాల్సిందే. కానీ చివరి అధ్యాయానికొచ్చేసరికి ఒక దూకు దూకుతాం, ఇవి స్త్రీలను వెనక్కి నడిపిస్తున్నాయని. ఏ స్త్రీలని? ఎవరినడిగాం? పాత్రని చదివి ప్రేక్షకురాలిని తేల్చేశాం. మనం చూస్తే విమర్శ, ఆమె చూస్తే ప్రభావం! దీనికి విరుగుడుగా ఆమె ప్రతి సీరియల్‌తోనూ ప్రతిఘటిస్తోందని జెండా ఎగరేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ ఆమెనడగలేదు.

ఈ జబ్బు టీవీతో మొదలవలేదు. యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివే ఆడవాళ్ళ మీద పడిన జోకులు గుర్తున్నాయా? పగటికలల్లో బతుకుతారనీ, మేడలూ కార్లూ ఉన్న హీరో కోసం కూర్చుంటారనీ. నా థీసిస్ ఆ తరం నవలల మీదే. 'పాఠకురాలు' అన్న మాట అందులో పేజీ పేజీకీ కనిపిస్తుంది. ఒక్క పాఠకురాలితోనూ నేను మాట్లాడలేదు. మా పెద్దమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, బైండు చేయించి ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఆ బైండ్లు తెచ్చి వాడుకున్నాను. కృతజ్ఞతల్లో ఆమె పేరు రాశాను. ఎందుకు దాచుకున్నావు పెద్దమ్మా అని అడగాలనే తోచలేదు. ఇప్పుడామె లేదు. రొమాన్సు నవలలు చదివే స్త్రీలని కలిసి మాట్లాడి జానిస్ రాడ్వే 1984లో పుస్తకం రాసింది. పూర్ణిమా మంకేకర్ దూరదర్శన్ చూసే ఢిల్లీ ఇళ్ళకి వెళ్ళి కూర్చుని, 1999లో తన పుస్తకం తెచ్చింది. ఈ రెండూ నా ఉపయుక్త గ్రంథాల పట్టికలో ఉన్నాయి. పట్టికలో ఉండడానికే ఉన్నాయి.

ప్రేక్షకులంటే మనం చెబితే వినాల్సినవాళ్ళు అన్న అలవాటు ప్రభుత్వానికీ పాతదే. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ పాఠాలు పంపారు, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దీనికి పూర్తి ఎదురుగా, జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు 2008లో సంగం రేడియో మొదలుపెట్టారు. విత్తనాల గురించీ, పండగల గురించీ, పాటల గురించీ వినేవాళ్ళే మాట్లాడారు. మా సిలబస్‌లో దాని చోటు ఆఖరి యూనిట్‌లో 'ప్రత్యామ్నాయ మాధ్యమాలు' కింద అర పేజీ. 'ప్రేక్షకులు' యూనిట్‌లో దాని పేరే లేదు.

ఆ అమ్మాయి 'మా అమ్మ వినే సీరియళ్ళు' అని ప్రాజెక్టు పెట్టుకుంది. కమిటీలో ఒక పెద్దాయన "ఇది పరిశోధన కాదమ్మా, ఇంటి ముచ్చట" అన్నారు. అది ఊహించిందే. నన్ను నొప్పించింది పక్కనున్న మేడం. ఆవిడ వ్యాసాలు చదివే నేను స్త్రీవాదినయ్యాను. "ఒక్క తల్లితో ఏం తేలుతుంది? 'సీరియళ్ళలో శ్రామిక స్త్రీ పాత్ర చిత్రణ' అని మార్చుకోమను" అన్నారావిడ. వ్యక్తిగతమే రాజకీయమని మాకు నేర్పిన మనిషి!

"సీరియళ్ళలో శ్రామిక స్త్రీ ఎక్కడుంది మేడం, కాఫీ తెచ్చే పనిమనిషి తప్ప?" అన్నాను. ఎవరూ జవాబివ్వలేదు, తరవాతి ఫైలు తీశారు.

బయటికొచ్చాక ఆ పిల్ల "మారుస్త మేడం, మార్కులు పోతయి" అంది. వద్దన్నాను. అలా అనే హక్కు నాకుందో లేదో ఇప్పటికీ తెలీదు. నేను మాట్లాడి ఇంటికొస్తాను, పోయే మార్కులు ఆమెవి.

మూడు ఆదివారాలు ఇంటికి వెళ్ళి ఆమె రాసుకొచ్చిన నోటుబుక్కు నా దగ్గరుంది. మొదటి వారం అమ్మ అన్న మాట: "ఆమె ఏడిస్తే నాకేంది బిడ్డా, గీ లెక్క నిండకపోతే నేనేడ్వాలె." నేను మురిసిపోయాను, భలే ప్రేక్షకురాలని. మూడో వారం కథలో కోడల్ని అర్ధరాత్రి ఇంట్లోంచి గెంటేశారు. అమ్మ చాట కింద పెట్టి, టీవీ వైపు తిరక్కుండానే చాలాసేపు ఊరికే కూర్చుంది. ఆ రోజు 80 బీడీలు తక్కువ పడ్డాయి. 'ఎందుకాపినవని అడిగిన. చెప్పలే' అని రాసింది కూతురు. కింద సగం పేజీ ఖాళీగా వదిలింది.

కమిటీ వచ్చే వారం మళ్ళీ కూర్చుంటుంది. ఆ పేజీని జెరాక్సు తీయించి, దరఖాస్తుకి జతచేసి ఇచ్చాను.