పొట్టు కనిపిస్తుంది... దుమ్మే కనిపించదు!

'అల్లుడా, పేపర్ల రాస్తవు గదా... గీ పొట్టు గుంజే మిషన్లల్ల ఏది మంచిదో జర చెప్పరాదు!'

దసరాకి పాలకుర్తి వెళ్లి, చేతిలో సంచి ఇంకా కింద పెట్టకముందే మా మేనమామ వేసిన ప్రశ్న ఇది.

మామ ముప్ఫయ్యేళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సోమేశ్వరస్వామి గుట్ట కనిపించే ఆ ఇంటి ముందు, కారు కోసమని వేసిన రేకుల షెడ్డు ఒకటుంది. కారు మాత్రం ఏనాడూ రాలేదు. దాని బదులు ఓ పెద్ద బల్ల, కరెంటు రంపం, చిత్రిక పట్టే మిషను, చెక్కను నునుపు చేసే సాండింగ్ మిషను ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఆయన చేసిన పీటో, పుస్తకాల అరో, దేవుడి మందిరమో లేని ఇల్లు మా చుట్టాల్లో లేదు.

అత్తమ్మకు మాత్రం ఆ షెడ్డుతో రోజూ పేచీయే. వడియాలు ఎండబెడితే వాటిమీద పొట్టు. తులసికోట మీద పొట్టు. ఆరేసిన బట్టలమీదా పొట్టే. 'ఆయన జేసేది ఒక్క పీట... నేను ఊడ్సేది తట్టెడు పొట్టు' అంటూ, దగ్గుతూనే నా చేతికి టీ గ్లాసు ఇచ్చింది.

అందుకే ఈసారి మిషను కొనాల్సిందేనని మామ తీర్మానించారు. అదీ వైర్లెస్‌దే కావాలట. బ్యాటరీతో నడిచేదన్నమాట!

ముందు గుంజి... వెనక వదిలి!

నిజానికి మామ అప్పటికే ఒకసారి చేతులు కాల్చుకున్నారు. చవగ్గా వస్తోందని ఒక బుల్లి వాక్యూమ్ క్లీనర్ తెప్పించారు. డబ్బా మీద రంగురంగుల బొమ్మలు, గాలివాన లాంటి పీల్పు అంటూ గొప్పలు. 'పొట్టయితే మంచిగనే గుంజుతది... అయినా దినాం సాయంత్రానికి బల్లమీద తెల్లటి పొడి పేరుకుంటది. ఏడికెళ్లి వస్తదో సమజైతలేదు' అన్నారు.

ఆ రహస్యం మర్నాడు పదకొండు గంటలకు బయటపడింది. షెడ్డు పైకప్పులో మేకు ఊడిన చోట చిన్న చిల్లు ఉంది. అందులోంచి ఎండ ఒక కడ్డీలా కిందికి దిగుతోంది. మామ మిషను ఆన్ చేసి నేలమీది పొట్టును పీల్చసాగారు. ముందు నుంచి పొట్టు బుద్ధిగా లోపలికి వెళ్లిపోతోంది. వెనక గాలి బయటికొచ్చే చోట మాత్రం, ఆ ఎండ కడ్డీలో పొగలాంటి దుమ్ము సుడులు తిరుగుతోంది!

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అది నేలమీది దుమ్మును తీసి, జాగ్రత్తగా మెత్తగా జల్లించి, మన ముక్కు ఎత్తుకు తెచ్చి వదులుతోంది. దానికంటే పొరకే నయం కదా!

జేబురుమాలు నేర్పిన పాఠం

వాక్యూమ్ క్లీనర్ పుట్టుకలోనే ఈ కిటుకు ఉంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు, దుమ్మును ఊదేసే యంత్రం ఒకటి చూశాడు. ఊదితే దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతోంది. ఊదే బదులు పీలిస్తే? ఒక హోటల్లో కుర్చీమీద జేబురుమాలు పరచి, దానికి నోరు ఆనించి గట్టిగా గాలి పీల్చాడట. తీసి చూస్తే రుమాలు అడుగున దుమ్ము నల్లగా అంటుకుని ఉంది. అలా తయారైన ఆయన యంత్రం గుర్రపుబండి మీద వీధిలో నిలబడేది. గొట్టాలు కిటికీల్లోంచి ఇళ్లలోకి వెళ్లేవి.

దాన్ని చేతితో పట్టుకునే పరికరంగా మార్చినవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణాన్ని ఊడ్చే ఉద్యోగి. పేరు జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఆయనకు ఆస్తమా. ఊడ్చినప్పుడల్లా ఊపిరాడేది కాదు. ఒక ఫ్యాను మోటారుకు చీపురు కర్ర బిగించి, వెనక దుమ్ము సంచీగా దిండు గలీబు కట్టాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. తర్వాత ఆ హక్కులు కొన్న హూవర్ కుటుంబం పేరే ప్రపంచమంతా మోగిపోయింది.

రుమాలైనా, దిండు గలీబైనా చేసిన పని ఒకటే... దుమ్మును ఆపడం. మోటారు పీలుస్తుంది, అంతే. దుమ్మును పట్టి ఉంచేది వడపోత గుడ్డ, అంటే ఫిల్టరు. మనం మాత్రం షాపుకెళ్లి 'మోటారు ఎన్ని వాట్లు?' అని అడుగుతాం. 'ఫిల్టరు ఏంటి?' అని అడగం!

కనబడని దుమ్మే అసలు దుమ్ము

చిత్రిక పట్టినప్పుడు వచ్చే చుట్టలు చుట్టలు పొట్టుతో పెద్ద ప్రమాదం లేదు. కింద పడుతుంది, ఊడిస్తే పోతుంది. సాండింగ్ మిషను లేపే దుమ్ము సంగతి వేరు. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ దుమ్ములో 10 మైక్రాన్లకు లోపలివీ ఉంటాయి. అవి గంటల తరబడి గాలిలో తేలుతాయి. వాటిలో మరీ సన్ననివి ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగిపోతాయి.

కుర్చీల తయారీకి పేరుపడ్డ ఇంగ్లండులోని హై వైకోంబ్ ప్రాంతంలో, ఫర్నిచర్ పనివాళ్లకు ముక్కులో అరుదైన క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని 1960ల్లో అక్కడి డాక్టర్లు గమనించారు. 1968లో ఆ సంగతి వైద్య పత్రికకెక్కింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎండీఎఫ్ బోర్డు, ప్లైవుడ్ జిగురుల్లో వాడే ఫార్మాల్డిహైడ్‌నూ తర్వాత అదే జాబితాలోకి తెచ్చింది.

కంగారు పడకండి. అది ఏళ్ల తరబడి రోజంతా ఆ దుమ్ములో పనిచేసిన వాళ్ల కథ. ఆదివారం ఒక పీట చేసుకునే వాళ్లకు అంత ముప్పు లేదు. కాకపోతే దగ్గు, తుమ్ములు, పిల్లికూతలు, ఆస్తమా ముదరడం... వీటికి మాత్రం అన్నేళ్లు అక్కర్లేదు.

వైరు ఉండాలా, వద్దా?

ఇక మామ అసలు ప్రశ్న. బ్యాటరీదే ఎందుకు? షెడ్డులో ఉన్నది ఒకటే ప్లగ్గు. దానికి రంపం, ఫ్యాను, లైటు. ఇంకో వైరు తోడైతే కాళ్లకు అడ్డం. పైగా వసారా, మెట్లు, స్కూటరు కూడా శుభ్రం చేసుకోవచ్చు. కారణాలు సబబుగానే ఉన్నాయి. కానీ లెక్కల మాస్టారికి లెక్కే చెప్పాలిగా!

బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్-అవర్లు రాసి ఉంటాయి. రెండింటినీ హెచ్చిస్తే అందులో ఎంత కరెంటు దాగి ఉందో తెలుస్తుంది. 18 వోల్టులు, 4 ఆంపియర్-అవర్లు అయితే 72 వాట్-అవర్లు. మోటారు 250 వాట్లు తింటుందనుకుంటే, 72ను 250తో భాగించండి. గంటలో మూడో వంతు కూడా లేదు... 17 నిమిషాలు! అదే 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అయితే తొమ్మిది నిమిషాలైనా రాదు. కొన్ని కంపెనీలు 20 వోల్టులు అని రాస్తాయి. మోసపోకండి. లోపల అవే అయిదు సెల్సు. నిండా ఛార్జి అయినప్పుడు ఒక్కోటి సుమారు 4 వోల్టులు చూపిస్తే 20, పని చేసేటప్పుడు 3.6 చొప్పున 18.

అంటే... పని అయ్యాక ఓ పావుగంట శుభ్రం చేసుకోవడానికి బ్యాటరీ మిషను భేషు. గంటసేపు సాండింగ్ చేస్తూ పక్కనే నడపాలంటే మాత్రం వైరు ఉన్నదే మంచిది. అదే డబ్బుకు పీల్పు కూడా ఎక్కువ వస్తుంది.

మామ దగ్గర ఇంకో అనుకూలత ఉంది. కొడుకు కొనిచ్చిన డ్రిల్లు, సాండింగ్ మిషను ఒకే కంపెనీవి. వాటి 18 వోల్టుల బ్యాటరీలు రెండున్నాయి. బాష్ బ్యాటరీ మకీటాకు ఎక్కదు, మకీటాది డివాల్ట్‌కు ఎక్కదు. అందుకని ఇంట్లో ఏ కంపెనీ బ్యాటరీలున్నాయో అదే కంపెనీ మిషను కొంటే, బ్యాటరీ, ఛార్జరు లేకుండా వట్టి మిషను చాలు. ఖర్చు బాగా తగ్గుతుంది.

కొనేముందు ఇవి అడగండి

మొదట ఫిల్టరు. 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపితేనే అమెరికా లెక్క ప్రకారం అది హెపా. యూరప్‌లో అయితే ఎల్, ఎం, హెచ్ అని మూడు తరగతులు. ఎల్ 99 శాతం, ఎం 99.9 శాతం, హెచ్ 99.995 శాతం దుమ్మును ఆపాలి. చెక్కపనికి కనీసం ఎం తరగతి ఉండాలంటారు. అంకె ఏమీ వేయకుండా 'హెపా లాంటిది' అని రాసి ఉంటే అనుమానించాల్సిందే. విడి ఫిల్టరు మన ఊళ్లోనో, వరంగల్, హన్మకొండల్లోనో దొరుకుతుందా, ధరెంత అన్నదీ అప్పుడే కనుక్కోండి.

రెండోది గొట్టం. సన్న గొట్టంలో పొట్టు ఇరుక్కుంటుంది. వెడల్పుది సాండింగ్ మిషను మూతికి పట్టదు. రెండింటికీ సరిపోయే మూతులు ఇస్తున్నారో లేదో చూడాలి. దుమ్మును లేచిన చోటే పట్టేస్తే, తర్వాత వెతుక్కునే పనే ఉండదు.

మూడోది నీళ్లు. తడీ పొడీ రెండూ పీల్చే మిషన్లున్నాయి. అయితే నీళ్లకు ఏ ఫిల్టరు పెట్టాలో, ఏది తీసేయాలో పుస్తకంలో చదవాలి. కాగితం ఫిల్టరు తడిస్తే దుమ్ము పిండిలా పట్టేస్తుంది. కడిగే రకమైతే, పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించాలి. దులిపేటప్పుడు ఇంటికి దూరంగా, ముక్కుకు ఎన్95 మాస్కుతో! కరోనా పుణ్యమా అని అది ఇప్పుడు అందరికీ తెలిసిందే.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఇనుము కోసినప్పుడు లేచే నిప్పురవ్వల్ని పొట్టున్న మిషనుతో పీల్చకూడదు, డబ్బాలో నిప్పు రాజుకుంటుంది. రెండోది, లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. మే నెలలో రేకుల షెడ్డు సంగతి మీకు చెప్పాలా? ఛార్జరును ఇంట్లో నీడపట్టున పెట్టుకోండి.

ఇవేవీ కొనే వీల్లేదా? మన అమ్మమ్మలు వాకిలిని పొడిపొడిగా ఊడ్చేవారా? సాన్పి చల్లేవారు. అదే సూత్రం. పొట్టు మీద కాసిని నీళ్లు చిలకరించి, మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి ఊడవండి. దుమ్ము లేవదు. పైసా ఖర్చు లేదు.

ఇంతకీ మిషను ఎవరికి?

ఇదంతా చెబుతుంటే మామ నోటుబుక్కులో రాసుకున్నారు. చివరికి 'మామా, షెడ్డు దినాం ఎవరు ఊడుస్తరు?' అని అడిగాను. 'ఇంకెవలు, మీ అత్తనే' అన్నారు. అని, ఆగిపోయారు.

అత్తమ్మది నాలుగు నెలల దగ్గు. జనగామలో డాక్టరు పొయ్యి గురించి అడిగాడట. గ్యాసే. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అన్నాడట. తాగరు. షెడ్డు సంగతి ఆయన అడగనూ లేదు, వీళ్లు చెప్పనూ లేదు. మామ సాండింగ్ చేసేటప్పుడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటారు. పని అయ్యాక స్నానం చేసి అరుగు మీద కూర్చుంటారు. అప్పుడు కదా అత్తమ్మ కొంగు దోపుకుని పొరక పట్టేది! కింద పేరుకున్న దుమ్మంతా మళ్లీ లేచేది అప్పుడే.

ఆ సాయంత్రం మామ ఏమీ మాట్లాడలేదు. వారం తిరక్కుండానే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి ఉన్న సంగతి చెప్పారు. ఫిల్టరు అంకె చూసి మరీ మిషను తెప్పించారు.

సంక్రాంతికి ఫోన్ చేసి దగ్గెలా ఉందని అత్తమ్మని అడిగాను. మందులు వాడుతున్నానని, మునుపటంత లేదని చెప్పింది. మరి మిషను ఎలా పనిచేస్తోంది అంటే నవ్వింది.

'అది మంచిగనే ఉన్నది బిడ్డా. ఇప్పుడు షెడ్డు నేను ఊడ్సుడు లేదు, మీ మామనే గుంజుకుంటుండు. మిషనని పట్టుకుండుగని... పొరకైతే పట్టుతుండెనా?'